సినిమాలకు శుక్రవారాలు పెట్టినవాణ్ణి

తేదీ ఖాయమయ్యాకే జ్యోతిష్కుణ్ణి పిలుస్తారు. ఈ వృత్తిలోకి వద్దామనుకునేవాళ్ళు ఈ ఒక్క సంగతి నమ్మితే నేను మిగతాదంతా రాయనక్కర్లేదు. కానీ చెన్నై చూలైలో మా ఇంటికి కుర్రవాళ్ళు ఇంకా వస్తూనే ఉన్నారు. చేతిలో ఫోను, ఫోనులో పంచాంగం. "సినిమావాళ్ళకు రిలీజు ముహూర్తం ఎట్ల పెడతారు సామీ, మాక్కూడా కొంచెం నేర్పండ" అంటారు. గ్రహాల లెక్క వాళ్ళకు నాకంటే త్వరగా వచ్చు. వాళ్ళకు రానిదేమిటో నోటితో చెబితే నవ్వుతున్నారు. అందుకని రాస్తున్నాను.

మావాళ్ళు ఈ ఊరికి ఏ తరంలో వచ్చారో మాకే తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మా నాన్న పెళ్ళిళ్ళకు, అంగళ్ళు తెరవడానికి, బోరు వేయడానికి ముహూర్తాలు పెట్టేవాడు. అంగళ్ళు కొన్ని నడిచాయి, కొన్ని మూతపడ్డాయి. ఎవరూ వచ్చి ఆయన్ని నిలదీయలేదు. సినిమా అలా కాదు. శుక్రవారం సాయంత్రానికల్లా నీ మాట ఏమైందో ఊరందరికీ తెలిసిపోతుంది. ఇక దానితో నమ్మేవాళ్ళు నమ్మడం మానేస్తారని నేను మొదట్లో భయపడ్డాను. అలాంటిదేమీ జరగదు. సినిమా ఆడితే ముహూర్తబలం అంటారు. ఆడకపోతే, ఈ ముహూర్తం లేకపోతే ఇంకెంత నష్టం వచ్చేదో అంటారు. దీన్ని చూసి సంతోషించే జ్యోతిష్కులు ఉన్నారు. నాకు మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ దిగులే మిగిలింది.

ఎవరి జాతకం

పెళ్ళికైతే ఇద్దరి జాతకాలు చూస్తాం. సినిమాకు ఎవరిది చూడాలి? నిర్మాతదా, హీరోదా, డైరెక్టరుదా? సినిమాకే సొంత జాతకం ఉంటుందనేవాళ్ళు ఉన్నారు. అయితే అది ఎప్పుడు పుట్టినట్టు? పూజ రోజు కొబ్బరికాయ కొట్టినప్పుడా, సెన్సారు సర్టిఫికెట్టు చేతికొచ్చినప్పుడా, మొదటి ఆటకు తెర మీద బొమ్మ పడినప్పుడా? దీని మీద ఏ ఇద్దరు జ్యోతిష్కులూ ఒక్క మాట మీద ఉండగా నేను చూడలేదు. చివరికి అందరం చేసేది ఒకటే. పెట్టుబడి ఎవరిదో వాళ్ళ జాతకం ముందేసుకుంటాం. ఇది ఏ శాస్త్రంలోనూ లేదు.

శుక్రుడు కళలకు అధిపతి, అందుకే శుక్రవారం విడుదల చేస్తారని నేనే ఎంతోమందికి చెప్పాను. వెనకాలే శని, ఆదివారాల సెలవులు లేకపోతే శుక్రుణ్ణి పలకరించేవాడు ఉండడు. ఆ శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. ఒకప్పుడు పగటి మొదటి ఆట సరిగ్గా అందులోకే వచ్చి పడేది. దానికి ఒక ఉపాయం ఉండేది. పదిన్నరకు ముందే హాల్లో కర్పూరం వెలిగించి, తెర మీద కాసేపు బొమ్మ ఆడించి ఆపేసేవాళ్ళం. ఖాళీ కుర్చీల ముందు, ఊడ్చేవాళ్ళు చీపురు పట్టుకుని చూస్తుండగా సినిమా విడుదలైపోయినట్టు లెక్క. ఆ తర్వాత జనం రాహుకాలంలో వచ్చినా దోషం లేదు. ఈమధ్య కొన్ని సినిమాలకు పొద్దున్నే ఆటలు వేయడం మొదలయ్యాక ఆ ఉపాయం అక్కర్లేకపోయింది. మంచిదే కదా అనుకున్నాను. ఒక నిర్మాత మాత్రం ముఖం వేలాడేశాడు. పరిహారం చేయనక్కర్లేని ముహూర్తం మీద ఆయనకు గురి కుదరలేదు.

ఇంకోసారి రెండు భాషల్లో తీసిన సినిమా. పెట్టుబడి సగం నెల్లూరాయనది, సగం మైలాపూరాయనది. నెల్లూరాయన శ్రావణ శుక్రవారం కావాలన్నాడు, లక్ష్మీప్రదమని. మనకు శ్రావణం వచ్చేసినా తమిళవాళ్ళకు ఇంకా ఆడి మాసమే నడుస్తోంది. ఆడిలో కొత్త పని మొదలుపెట్టేది లేదని మైలాపూరాయన కూర్చున్నాడు. ఒకే సూర్యుడు, ఒకే చంద్రుడు, ఒకే గదిలో ఇద్దరు భాగస్వాములు. ఇద్దరూ నావైపే చూస్తున్నారు. ఎవరికి వాళ్ళు తమవైపు తీర్పు చెప్పడానికే నన్ను పిలిపించారని అప్పుడు తెలిసింది. ఆ సినిమా ఎవరికీ పట్టని ఒక మామూలు వారం విడుదలైంది.

మేనేజరు నేర్పిన పాఠం

కోడంబాక్కంలో ఒక పెద్ద కంపెనీకి నేను చాలాకాలం ఆస్థాన జ్యోతిష్కుడిలా ఉన్నాను. అక్కడి మేనేజరు నాకు ఈ వృత్తి గురించి మా నాన్న కంటే ఎక్కువ నేర్పాడు. తమిళాయన, నాతో తెలుగు మాట్లాడటం ఆయనకు సరదా. ఒకరోజు కబురు పెట్టి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఎదురుగా హీరోగారి మనుషులు. ప్రకటించిన తేదీకి సినిమా ఎందుకు రావడం లేదని వాళ్ళు నిలదీస్తున్నారు. గ్రాఫిక్సు పని సగం కూడా కాలేదని నాకు తెలుసు, మేనేజరుకు తెలుసు.

"జోస్యరుని అడగండి. ఆ డేటులో పెద్ద దోషం ఉంది. హీరోగారికే మంచిది కాదు" అన్నాడు మేనేజరు.

నేను అలాంటి మాట అనలేదు. ఆ తేదీ నాకు చూపించనే లేదు. నోరు తెరవబోయేసరికి ఆయన నా మోకాలు మీద చెయ్యి వేశాడు. హీరోగారి మనుషులు నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళాక, నేను చెప్పని మాట నా పేరుతో ఎందుకు చెప్పారని అడిగాను.

"మీరు మాట్లాడనక్కర్లేదు సార్. సుమ్మా, ఊరికే కూర్చోండి, చాలు. గ్రాఫిక్సువాడు లేట్ చేశాడంటే వాణ్ణి కొడతారు. శని లేట్ చేశాడంటే ఎవరిని కొడతారు?" అన్నాడాయన.

ఆయన చెడ్డమనిషి కాదు. ఆ రోజు ఒక కుర్రాడి ఉద్యోగం నిలబెట్టాడు. కానీ నేను ఇంటికి వచ్చి పంచాంగం తీసి, తెరవకుండానే మళ్ళీ పెట్టేశాను. చిన్నప్పటి నుంచి కంఠతా పట్టినదంతా ఈ కుర్చీలో కూర్చోవడానికేనా అనిపించింది. మీరూ ఈ కుర్చీలోనే కూర్చుంటారు. సినిమారంగంలో జ్యోతిష్కుడికి వేరే కుర్చీ లేదు.

అంబత్తూరు నాయుడు

ఇక గోవిందరాజుల సంగతి. ఇది రాయడానికే నిజానికి మొదలుపెట్టాను.

గోవిందరాజులు నాయుడికి అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేటులో లేతు మిషన్ల యూనిట్ ఉంది. మొరటు మనిషి, మంచివాడు. కుడిచేతి చూపుడువేలు సగం లేదు. వయసులో ఉండగా ప్రెస్సు కింద పడి తెగిపోయింది. ఆ రోజు ఆయన రాశికి చంద్రాష్టమమని తర్వాతెవరో చెప్పారట. చంద్రుడు మన రాశికి ఎనిమిదో ఇంట్లో ఉండే కాలాన్ని అలా అంటారు. ప్రతినెలా రెండు రోజుల పైచిలుకు అందరికీ వస్తుంది, పోతుంది. ఆ రోజుల్లో మాట జారకూడదు, ప్రయాణాలు తగ్గించుకోవాలి, అంతే. నాయుడికి మాత్రం అది తెగిన వేలు. రోజుకో కాగితం చింపే తమిళ క్యాలెండర్లో ఈ రోజు ఎవరికి చంద్రాష్టమమో అడుగున వేస్తారు. ఆయన యూనిట్లో మొదటి పని ఆ కాగితం చూడటం. తన వంతు వచ్చిన రోజున మిషను ముట్టుకోడు, చెక్కు మీద సంతకం పెట్టడు, పెళ్ళాంతో పోట్లాడడు కూడా.

ఆయన తమ్ముడు మునిరత్నం. వయసంతా సినిమాల్లో అసిస్టెంటు డైరెక్టరుగా గడిపాడు. క్లాప్ కొట్టడంతో మొదలుపెట్టి, జుట్టు నెరిసేదాకా ఇంకొకళ్ళ సినిమాలే తీసిపెట్టాడు. చివరికి అన్నే పూనుకున్నాడు. "మా మునిరత్నం ఒక పడం తీసి చూపించనీ సామీ. మా అమ్మకు మాటిచ్చినా" అని నా దగ్గరికి పూజకు ముహూర్తం కోసం వచ్చాడు. మునిరత్నం జాతకం నేను అప్పుడు చూశాను. పంచమంలో శుక్రుడు, దశమాధిపతితో కలిసి ఉన్నాడు. కళతో బతికేవాడి జాతకం. ఆ మాట అన్నతో అన్నాను. తమ్ముడితో అనే సందర్భం రాలేదు.

సినిమా తిరువొత్తియూరులో తీశారు. బుట్టల్లో చేపలు పెట్టుకుని లోకల్ రైళ్ళలో వచ్చి అమ్ముకునే అత్తాకోడళ్ళ కథ. ప్రివ్యూకు నన్నూ పిలిచారు. అందులో ముసలి అత్త ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి రైలు కదిలిపోతుంది. ఆవిడ ఏడవదు, తిట్టదు. బుట్ట దించి పక్కన కూర్చుంటుంది. బుట్టలోంచి ఐసు నీళ్ళు సిమెంటు మీద పారుతూ ఉంటాయి. ఆ నీళ్ళనే చూస్తుంది. అంతే ఆ సీను. నేను నిద్ర ఆపుకుంటూ చూసిన సినిమాలకు లెక్కలేదు. ఆ రోజు దీపాలు వేశాక కూడా కుర్చీలోంచి లేవలేకపోయాను. మునిరత్నం తలుపు దగ్గర నిలబడి మా ముఖాలు చూస్తున్నాడు. దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను.

పేరున్న ముఖాలు లేని సినిమాకు హాళ్ళు దొరకడం ఎంత కష్టమో ఇక్కడివాళ్ళకు తెలుసు. చాలాకాలం తిరిగారు. ఒకనాడు ఉన్నట్టుండి అవకాశం వచ్చింది. ఒక పెద్ద హీరో సినిమా వాయిదా పడి, వచ్చే శుక్రవారం హాళ్ళు ఖాళీ అయ్యాయి. డిస్ట్రిబ్యూటరు ఫోను చేసి, సాయంత్రంలోగా ఊ అంటే ఆ హాళ్ళన్నీ మీకే అన్నాడట. నాయుడు నాకు కారు పంపాడు.

నేను వెళ్ళేసరికి ఆయన యూనిట్ ఆఫీసు గదిలో క్యాలెండర్ని గోడ మీది నుంచి తీసి బల్ల మీద పెట్టుకుని ఉన్నాడు. బయట లేతులు తిరుగుతున్నాయి. మునిరత్నం తలుపు పక్కన నిలబడి ఉన్నాడు.

"ఈడ చూడండ సామీ. ఆ శుక్రవారం నాకు చంద్రాష్టమం. వేసుండాది" అన్నాడు.

నేనూ పంచాంగం చూశాను. నిజమే.

"నీకు చంద్రాష్టమం నాయుడూ, సినిమాకు కాదు. ఆ పొద్దు మునిరత్నానికి తారాబలం బాగుండాది. పని వాడిది, పేరు వాడిది. వాడి మీద వదిలేసి నువ్వు ఇంట్లో పండుకో" అన్నాను.

"దుడ్డు నాది కదా సామీ. పోతే నాకే కదా పోయేది."

"ఈ శుక్రవారం పోతే మళ్ళీ ఎవడు ఇస్తాడు హాళ్ళు?"

నాయుడు కుర్చీ నాకు దగ్గరగా జరుపుకున్నాడు. సగం వేలున్న ఆ చేత్తో నా చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకున్నాడు. ఆయన తల వెచ్చగా ఉంది, చెమట పట్టి ఉంది.

"ఇట్లనే పెట్టి చెప్పండ, ఏమీ కాదని. ఇప్పుడుదా ఫోను చేసి సరే అంటా. నాకు వేరే ఏమీ వద్దు. ఏమీ కాదని ఒక్క మాట."

కుర్రవాళ్ళు ఇక్కడ ఆగి ఆలోచించాలి. మీరైతే ఏం చెబుతారు? సినిమా ఆడుతుందని ఏ గ్రహం చూసి చెబుతారు? నాకు తెలిసినదల్లా ఆ సినిమా మంచిదని, ఆ శుక్రవారం పోతే ఇంకో శుక్రవారం రాకపోవచ్చని. ఈ రెండూ పంచాంగంలో లేవు. ఏమీ కాదని ఎలా అనను? మనుషులకు ఏదో ఒకటి అవుతూనే ఉంటుంది.

"ఆడతాదో లేదో నేను చెప్పలేను నాయుడూ. ఎవురూ చెప్పలేరు. రిలీజు చేయమని మాత్రం చెప్తా ఉండా" అన్నాను.

ఆయన నా చెయ్యి మెల్లగా తల మీది నుంచి దించాడు. "మీరే ధైర్యంగా చెప్పలేకపోతా ఉండారు, నేనెట్ల చేసేది" అన్నాడు. కోపంగా కాదు, జాలిగా అన్నాడు. ఫోను తీసి డిస్ట్రిబ్యూటరుకు వద్దని చెప్పాడు.

నేను తలుపు వైపు చూశాను. మునిరత్నం ఒక్క మాట మాట్లాడుతాడేమో, అన్న కాళ్ళు పట్టుకుంటాడేమో, కనీసం తలుపు విసిరికొట్టి పోతాడేమో అని చూశాను. అన్న సొమ్ముతో సినిమా తీసినవాడు ఏం మాట్లాడగలడు? "కాపీ తాగుతారా సామీ?" అని అడిగి, జవాబు వినకుండానే బయటికి పోయాడు.

ఆ శుక్రవారం

ఆ శుక్రవారం చెన్నైలో కుండపోత వాన. వీధుల్లో మోకాలి లోతు నీళ్ళు. హాళ్ళు చాలాచోట్ల ఆటలు రద్దు చేశాయి. పొద్దున్నే నాయుడి ఫోను వచ్చింది. "చూస్తిరా సామీ. మీరు నెత్తిన చెయ్యి పెట్టి కూడా ఆ మాట చెప్పకపోతిరే, అప్పుడే నాకు అర్థమైంది. మీ నోరు కట్టేసింది దేవుడే. మా కుటుంబాన్ని కాపాడినారు."

నేను రిలీజు చేయమనే చెప్పాను కదా నాయుడూ అంటే ఆయన వినిపించుకోలేదు. వాన రెండు రోజుల్లో వెలిసింది. ఇంట్లో మగ్గిన జనమంతా ఆ పై వారం సినిమాలకు పోయారు. ఆ సంగతి ఆయనకు చెప్పి చూశాను. అదీ వినిపించుకోలేదు.

ఆ తర్వాత హాళ్ళు దొరకలేదు. పండగలు పెద్ద హీరోలవి. పరీక్షల కాలంలో ఎవరూ రారు. దొరికిన ఒకటి రెండు వారాలకు నాయుడు వేరే జ్యోతిష్కుణ్ణి కూడా అడిగి, ఇద్దరి మాటా కలవలేదని వదులుకున్నాడు. సినిమాలో అత్తగా చేసిన ముసలావిడ పోయింది. తెర మీద తనను తాను చూసుకోలేదావిడ. ఎన్నాళ్ళకో ఒక ఆన్‌లైన్ కంపెనీ కొన్ని సినిమాలు గంపగుత్తగా కొనుక్కుంటూ ఇదీ తీసుకుంది. ఏదో ఒక వారం మధ్యలో మిగతావాటితో కలిపి ఎక్కించేశారు. ఏ ఘడియో ఎవరూ నన్ను అడగలేదు. ఊరుకోలేక నేనే లెక్కగట్టి చూశాను. చాలా మంచి లగ్నం. నేను పెట్టినా అంతకంటే మంచిది పెట్టలేను. సినిమా ఎవరూ చూడలేదు. కొన్నాళ్ళకు అక్కడి నుంచీ తీసేశారు.

మునిరత్నం అన్న యూనిట్లోనే ఉద్యోగానికి చేరాడు. లారీల్లోకి ఎక్కించే సరుకు చూసుకునే పని. నాయుడికి దిగులేమీ లేదు. ప్రతి ఏడూ వానలు మొదలయ్యాక, ఆ వారం వచ్చినప్పుడు నాకు పళ్ళెం పంపుతాడు. ఆపిల్ పళ్ళు, బత్తాయిలు, తమలపాకులు, పంచె. నేను వాళ్ళ కుటుంబాన్ని కాపాడినందుకు. ఆ పళ్ళెం తెచ్చేది మునిరత్నమే.

వద్దని చెప్పినా పంపడం మానలేదు. నేను ఆ పళ్ళు తినలేను. వీధిలో పిల్లలకు పంచేస్తాను.

చివరి ప్రశ్న

పోయిన వానాకాలంలోనూ వచ్చాడు. పళ్ళెం బల్ల మీద పెట్టి, వెంటనే వెళ్ళిపోకుండా కూర్చున్నాడు. జుట్టంతా తెల్లబడింది. చేతుల మీద గ్రీజు మరకలు. కాసేపు వానను చూసి అడిగాడు.

"సామీ, ఒకటి అడగతా, నిజం చెప్పండ. నా జాతకంలో డైరెక్టరయ్యే యోగం ఉండిందా?"

"ఇప్పుడెందుకు నాయనా అది?"

"ఉండింటే మా అన్న చెడగొట్టినట్టు. లేకపోతే ఎవురూ ఏమీ చేయలేదు, నాకు రాసిపెట్టింది అంతే. ఏదో ఒకటి తెలిస్తే చాలు. ఆయన ఎదురుగానే దినమూ కూచోని అన్నం తింటా ఉండా. ముద్ద దిగటం లేదు సామీ."

ఆ జాతకం నేను మళ్ళీ తీసి చూడనక్కర్లేదు. పంచమంలో శుక్రుడు ఎక్కడ కూర్చున్నాడో కళ్ళు మూసుకున్నా కనిపిస్తాడు. అయినా పెట్టె తెరిచి తీశాను. చూస్తున్నట్టు కాసేపు చూశాను. అతను నా ముఖంలోకే చూస్తున్నాడు, ఆనాడు ప్రివ్యూ హాల్లో తలుపు దగ్గర చూసినట్టే.

"లేదు నాయనా, ఏ యోగమూ లేదు" అన్నాను.

"నిజంగానా?"

"నిజంగానే. ఆ శుక్రవారం రిలీజు చేసినా అయ్యేది కాదు. మీ అన్న తప్పేమీ లేదు."

మునిరత్నం పెద్దగా ఊపిరి వదిలాడు. కుర్చీలో వెనక్కి వాలాడు. "అట్లయితే సరే సామీ. సుమ్మా ఇన్నాళ్ళూ ఆయన మీద కోపం పెట్టుకోని ఉంటిని. పాపం" అన్నాడు. ఒక ఆపిల్ తీసి తన చొక్కాకే తుడిచి నాకిచ్చాడు, తనొకటి కొరికాడు. వాన కాస్త తగ్గగానే అంబత్తూరు బస్సుకు టైమైందని లేచాడు. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి నవ్వాడు. సినిమా పూర్తయిన రోజుల్లో నవ్విన నవ్వు అది.

మర్నాటి నుంచి నేను ఎవరికీ ముహూర్తం పెట్టలేదు. ఒంట్లో బాగాలేక మానేశానని అందరితో చెప్పాను. ఈ వృత్తి నేర్పమని వచ్చే కుర్రవాళ్ళకు ఇంతకంటే చెప్పగలిగింది నా దగ్గర లేదు. ఏమీ కాదని ఒక్క మాట చెప్పమని తల వంచినవాడికి, నాకు తెలియదని నిజమే చెప్పి, ఒక మంచి సినిమాను పోగొట్టుకున్నాను. నా వృత్తిలో నేను తడబడకుండా, తేల్చి, ఒకరి కళ్ళలోకి చూసి చెప్పిన మాట మునిరత్నానికి చెప్పిన ఆ ఒక్కటే. అదొక్కటే అబద్ధం. అదొక్కటే ఎవరికైనా పనికొచ్చింది.